బంతి కుడిచేతిలో... నొప్పి ఎడమ భుజంలో!

సెలవు రోజున ఇంటిల్లిపాదీ మాల్‌కి వెళ్లి బౌలింగ్‌ ఆడటం ఇప్పుడు నగరాల్లో మామూలైంది. కాలనీ సంఘాలు, ఆఫీసులు జట్ల పోటీలు కూడా పెడుతున్నాయి. చూడటానికి పిల్లలాటలా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి కుర్చీకి అలవాటు పడ్డ ఒంటితో ఉన్నట్టుండి పోటీకి దిగితే ఏమవుతుంది? ఒక పోటీలో తానూ ఆడి, తోటి ఆటగాడి నొప్పి విషయంలో పొరబడి, వెంటనే దిద్దుకున్న ఒక ప్రభుత్వాసుపత్రి ఫిజీషియన్‌ అనుభవం ఇది.

మా కాలనీలో ఏటా సంక్రాంతికి ముగ్గుల పోటీ, గాలిపటాల పోటీ పెడతారు. ఆ ఏడు కుర్రాళ్లంతా పట్టుబట్టి బౌలింగ్‌ పోటీ కూడా పెట్టించారు. బ్లాకుకో జట్టు. జట్టుకు నలుగురు. మొదటి ఆదివారం లీగ్‌ ఆటలు, రెండో ఆదివారం ఫైనల్‌. రోజుకు ఒక్కొక్కరూ మూడేసి గేములు ఆడాలి. నలుగురి పాయింట్లూ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లదే కప్పు.

మా బ్లాకు జట్టులో నాతోపాటు ఒక బ్యాంకు మేనేజరుగారు, ఒక లెక్కల టీచరుగారు, సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం చేసే ఒక కుర్రాడు ఉన్నాం. మేనేజరుగారికి 53 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్‌. టీచరుగారూ నేనూ నలభైల్లో ఉన్నవాళ్లం. ఎలాగో ఫైనల్‌కి వచ్చాం. రెండు గేములు అయ్యేసరికి 11 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం.

మూడో గేము మొదలయ్యే ముందు మేనేజరుగారు భుజం రుద్దుకుంటూ కనబడ్డారు. ‘ఏమైందండీ?’ అన్నాను. ‘ఏం లేదు డాక్టరుగారూ, పోయిన ఆదివారం ఆడినప్పటి నుంచీ కాస్త లాగుతోంది’ అన్నారు. నా కళ్లు స్కోరు బోర్డు మీదున్నాయి. ‘కండ పట్టేసి ఉంటుంది. ఇంటికెళ్లాక కాపడం పెట్టుకోండి, తగ్గిపోతుంది’ అనేశాను. ఇరవై ఏళ్లుగా రోగుల్ని చూస్తున్నవాడిని, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తీర్పు చెప్పేశాను.

పక్కనే ఉన్న టీచరుగారు అడిగారు: ‘డాక్టరుగారూ, ఆయన బంతి వేసేది కుడిచేత్తో కదండీ. రుద్దుకుంటున్నది ఎడమ భుజం కదా?’

అప్పుడు తిరిగి చూశాను. నుదుటి మీద సన్నగా చెమట. హాల్లో ఏసీ చల్లగా ఉంది. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వారంగా మెట్లెక్కితే ఎడమ భుజం బరువెక్కుతోంది. ఒక్కోసారి దవడ కూడా లాగుతోంది. ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతోంది. ఆ రోజు కూడా కింద పార్కింగ్‌ నుంచి రెండంతస్తులు ఎక్కేసరికి వచ్చింది. ‘మరి ఎవరికీ చెప్పలేదేం?’ అంటే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. ‘జట్టుకు నలుగురు ఉండాలి కదండీ. నేను మానేస్తే మీ ముగ్గురి కష్టమూ పోతుందని...’

ఆట ఆపేశాం. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. మొదటి ఈసీజీ మామూలుగానే ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ‘చూశారా, ఏం లేదు. వెళ్లి మూడో గేము ఆడేద్దాం’ అన్నారు. కుదరదన్నాను. కొన్ని గంటల తర్వాత తీసిన ఈసీజీలో తేడా కనబడింది. మర్నాడు యాంజియోగ్రామ్‌ చేస్తే గుండె రక్తనాళాల్లో ప్రధానమైన ఒకదాంట్లో పెద్ద అడ్డంకి. స్టెంట్‌ వేశారు. కప్పు పక్క బ్లాకువాళ్లకి వెళ్లింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆయనకి అడ్డంకి బౌలింగ్‌ వల్ల రాలేదు. అది ఏళ్ల తరబడి ఏర్పడింది. రోజూ లిఫ్టులో ఎక్కి, కారులో వెళ్లి, కుర్చీలో కూర్చునే జీవితంలో అది బయటపడే సందర్భమే రాలేదు. మెట్లూ, ఆటా దాన్ని బయటపెట్టాయి. కాబట్టి ఆటను తప్పుపట్టొద్దు. సన్నద్ధం కాకుండా దిగటం, నొప్పిని దాచుకోవటం... తప్పంతా ఈ రెంటిలోనే ఉంది.

చూస్తే తేలిక... లెక్కేస్తే పావు టన్ను!

చిన్నప్పుడు మనమంతా ఏడు పెంకులాట ఆడినవాళ్లమే. పేర్చిన పెంకుల్ని బంతితో పడగొట్టటమే కదా! బౌలింగూ దాదాపు అలాంటిదే. 60 అడుగుల దూరంలో త్రికోణంలా నిలబెట్టిన 10 పిన్నుల్ని బంతి దొర్లించి పడగొట్టాలి. ఒక్కో గేములో 10 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు అవకాశాలు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్‌. రెండో బంతికి మిగిలినవన్నీ పడితే స్పేర్‌. అన్నీ స్ట్రైకులే వేస్తే 300 పాయింట్లు. మనలాంటివాళ్లం వంద దాటితే గొప్ప.

తేడా అంతా బంతి బరువులో ఉంది. ఏడు పెంకులాటకి రబ్బరు బంతి. ఇక్కడ 6 నుంచి 16 పౌండ్ల బంతి. అంటే సుమారు 2.7 కిలోల నుంచి 7.2 కిలోల దాకా. కొత్తగా ఆడేవారికి స్ట్రైకులు తక్కువ కాబట్టి గేముకు 18 బంతులైనా వేయాల్సి వస్తుంది. మూడు గేములకు 54. ముందు సరదాకి వేసేవి కలిపితే 60. పది పౌండ్ల బంతి, అంటే నాలుగున్నర కిలోలది తీసుకున్నారనుకుందాం. మొత్తం 270 కిలోలు! పాతిక కిలోల బియ్యం బస్తాలు పదింటి కంటే ఎక్కువ బరువును రెండు మూడు గంటల్లో ఒకే చేత్తో, మూడే వేళ్లతో ఎత్తి ఊపి వదులుతున్నామన్నమాట. అదీ శరీరాన్ని ఒకపక్కకి వంచి, ఎదురుకాలి మోకాలి మీద బరువంతా మోపి.

జట్టు పోటీలో ఇంకో చిక్కుంది. మన వంతు రావటానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ సోఫాలో కూర్చుంటాం. ఏసీ చల్లదనానికి వేడెక్కిన కండరాలు మళ్లీ బిగుసుకుంటాయి. పిలవగానే లేచి, పరుగులాంటి నడకతో వెళ్లి బలంగా విసురుతాం. అందరూ అరుస్తుంటారు కాబట్టి ఊపిరి బిగబట్టి మరీ వేస్తాం. అలా ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఇది ఇబ్బంది కాదు. అదుపులో లేని బీపీ ఉన్నవారికి మంచిది కాదు.

మా నలుగురికీ నాలుగు పాఠాలు

మేనేజరుగారి సంగతి చెప్పాను. మిగతా ముగ్గురం కూడా ఏమంత క్షేమంగా బయటపడలేదు.

నా నడుము: మొదటి ఆదివారం మూడు గేములూ ఆడి దర్జాగా ఇంటికొచ్చాను. సోమవారం పొద్దున వార్డులో రోగిని పరీక్షించటానికి వంగితే మళ్లీ నిటారుగా లేవలేకపోయాను. నేను చేసిన తప్పు, బంతి తిరిగొచ్చే స్టాండు నుంచి మోకాళ్లు వంచకుండా, నడుము వంచి ఒంటిచేత్తో బంతి ఎత్తటం. సరైన పద్ధతి ఏమిటంటే, స్టాండుకు దగ్గరగా వెళ్లి, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులతో బంతిని రెండు పక్కలా పట్టుకుని ఎత్తాలి. చేతులు బంతికీ బంతికీ మధ్య పెట్టకూడదు. వెనక నుంచి ఇంకో బంతి వచ్చి వేళ్లు నలిగే ప్రమాదం ఉంది. నడుము నొప్పి చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. మంచమెక్కి పడుకోకుండా మెల్లగా నడుస్తుండాలి. కానీ నొప్పి పిక్క దాకా పాకినా, కాలు బలహీనమైనా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

టీచరుగారి మణికట్టు: రెండో ఆదివారం నాటికే ఆవిడకు బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వాపు. చపాతీ పిండి కలపాలన్నా, సీసా మూత తిప్పాలన్నా ప్రాణం పోయేంత నొప్పి. బొటనవేలిని కదిపే టెండన్లు మణికట్టు దగ్గర ఒక సన్నటి తొడుగులోంచి వెళతాయి. అక్కడ ఒరిపిడి ఎక్కువై వాపు వచ్చింది. రోజంతా బోర్డు మీద రాయటం, ఇంటి పని, ఫోను పట్టుకోవటం... ఇవన్నీ అప్పటికే ఆ చోటును అలసిపోయేలా చేశాయి. బంతి బరువు ఆఖరి దెబ్బ వేసింది. కొన్ని వారాలు బొటనవేలికి స్ప్లింట్‌ పెట్టుకుని విశ్రాంతి ఇస్తే తగ్గింది. తగ్గనివారికి అక్కడ ఇంజెక్షన్‌ ఇవ్వాల్సి రావచ్చు. వారాల తరబడి ఆడేవారిలో బంతి రంధ్రం అంచు బొటనవేలి పక్కనున్న సన్నటి నరాన్ని నొక్కి, వేలు తిమ్మిరెక్కటం కూడా చూస్తుంటాం. వేలు మొద్దుబారుతోందంటే ఆ రంధ్రం మీకు సరిపోవటం లేదని అర్థం.

కుర్రాడి జారుడు: వయసు ఇరవై తొమ్మిది, రోజూ జిమ్ముకి వెళ్లే ఒళ్లు. అతనే పడ్డాడు. బౌలింగ్‌ షూ అడుగు నున్నగా, జారేలా ఉంటుంది. చివరి అడుగులో కాలు సాఫీగా జారితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది. అతను అవే షూతో వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చాడు. అడుగు తడిసింది. జారాల్సిన కాలు టక్కున ఆగిపోయింది, ఒళ్లు మాత్రం ముందుకెళ్లింది. మోకాలు మెలిక పడింది. దీనికి తోడు ఫౌల్‌ లైను దాటితే ఆవల చెక్క మీద నూనె పూసి ఉంటుంది. అక్కడ కాలు పెడితే జారటం ఖాయం. షూ తడవకుండా చూసుకోవటం, గీత దాటకపోవటం... ఈ రెండూ పాటిస్తే చాలావరకు పడిపోకుండా ఉండొచ్చు.

బంతి ఎంపిక: పక్కవాడిని చూసి కాదు

బౌలింగ్‌ ఆడే చోట ‘మీ బరువులో పదో వంతు బరువున్న బంతి తీసుకోండి’ అని చెబుతుంటారు. ఆ లెక్కన 70 కిలోల మనిషి 15 పౌండ్ల బంతి పట్టుకోవాలి. తరచూ ఆడేవారికి, కండబలం ఉన్నవారికి అది నప్పవచ్చు. పొట్ట పెరగటం వల్ల వచ్చిన బరువు బంతి ఎత్తటానికి సాయం చెయ్యదు! నలభై దాటి కొత్తగా ఆడేవారు 8 నుంచి 10 పౌండ్ల బంతితో మొదలుపెట్టటం మేలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 6 పౌండ్లది చాలు.

బంతి సరిపోయిందో లేదో తెలుసుకోవటం తేలికే. చేయి కిందికి వేలాడదీసి మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపండి. భుజం ఒకపక్కకి కుంగిపోతుంటే బరువెక్కువ. జారిపోతుందేమోనని బొటనవేలితో గట్టిగా బిగించాల్సి వస్తుంటే రంధ్రం పెద్దది. వేలు బయటికి రావటానికి లాగాల్సి వస్తుంటే చిన్నది. వేలు ఇట్టే దూరి ఇట్టే రావాలి. ఆడుతున్నకొద్దీ చెయ్యి అలసిపోతుంది కాబట్టి మూడో గేముకు ఇంకాస్త తేలికైన బంతికి మారటం నామోషీ కాదు, తెలివి.

పోటీకి ఆరు వారాల ముందు నుంచే

‘ఆదివారం పోటీ ఉంది, శనివారం ఒక గేము ఆడి చూద్దాం’ అనుకుంటే కుదరదు. కండరాలు, టెండన్లు కొత్త భారానికి అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మా జట్టు మరుసటి ఏడు పాటించిన పద్ధతి ఇది.

మొదటి రెండు వారాలు: వారానికి ఐదు రోజులు, రోజూ అరగంట చురుకైన నడక. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. దీంతోపాటు చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవటం, పదిసార్లు చొప్పున రెండు విడతలు. గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వంచి మళ్లీ వెనక్కి నెట్టుకోవటం, ఇదీ పదేసి చొప్పున.

మూడు, నాలుగు వారాలు: నడక కొనసాగిస్తూనే, రెండు లీటర్ల నీళ్ల సీసాను గుడ్డ సంచిలో వేసి, చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపటం. ఒక చేత్తో పదిసార్లు చేస్తే రెండో చేత్తో కూడా పదిసార్లు చెయ్యాలి. ఆట ఒకపక్కదే అయినా సాధన రెండు పక్కలా ఉండాలి. గోడ పట్టుకుని ఒక కాలు ముందుకు వేసి మోకాలు కాస్త వంచటం. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం.

ఐదు, ఆరు వారాలు: వారానికి ఒకసారి ఆట. మొదట ఒక్క గేము, తర్వాతి వారం రెండు. మర్నాడు కండరాలు కాస్త పులిసినట్టుండటం సహజం. కీలు దగ్గర పోటు పొడిచినట్టుండటం సహజం కాదు.

ఈ ఆరు వారాల నడక బౌలింగ్‌ కోసమే కాదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పోటీ పేరుతో అది అలవాటైతే కప్పు రాకపోయినా లాభమే.

షుగర్‌, బీపీ ఉంటే...

షుగర్‌, బీపీ, కిడ్నీ సమస్య, పొగతాగే అలవాటు, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు లేదా తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చిన చరిత్ర... వీటిలో ఏది ఉన్నా, ఏళ్లుగా వ్యాయామం లేనివారు సాధన మొదలుపెట్టే ముందే డాక్టరును కలవాలి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో బరువు ఉన్నవారు పరీక్షలు అయ్యేదాకా ఆట జోలికే వెళ్లొద్దు.

ఇన్సులిన్‌ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్‌ వంటి మాత్రలు వేసుకునేవారికి ఆట మధ్యలో షుగర్‌ పడిపోవచ్చు. ఆటకు ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండో, నాలుగు బిస్కెట్లో తిని మొదలుపెట్టండి. 250 దాటి ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజుకు ఆట వద్దు. ఆడుతుండగా వణుకు, చెమట, కళ్లు తిరగటం ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. బీపీకి మెటోప్రొలాల్‌ వంటి బీటా బ్లాకర్‌ మందులు వాడేవారిలో షుగర్‌ పడిపోయినా గుండెదడ, వణుకు అంతగా తెలియకపోవచ్చు. చెమట పట్టటాన్నే సూచనగా తీసుకోవాలి.

షుగర్‌ ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. అక్కడ అద్దెకిచ్చే షూ బిగుతుగా ఉండి పుండు పడినా తెలియదు. సొంత మేజోళ్లు వేసుకోండి. షూలోపల చెయ్యి పెట్టి చూశాకే తొడుక్కోండి. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. షుగర్‌ వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవారు ఊపిరి బిగబట్టి బరువులెత్తటం మంచిది కాదు. కంటి డాక్టరును అడిగాకే దిగాలి. షుగర్‌ ఉన్నవారిలో భుజం పట్టేయటం కూడా ఎక్కువ. చెయ్యి పైకెత్తటం కష్టంగా ఉంటే ముందు దానికి చికిత్స చేయించుకోవాలి.

బీపీ 180/110 గానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటే ఆ రోజు ఆడొద్దు. ‘పోటీ హడావిడిలో పొద్దున మాత్ర మర్చిపోయాను’ అనేవాళ్లను ఎందరినో చూస్తుంటాను. ఆ రోజే అస్సలు మర్చిపోకూడదు.

పోటీ రోజున...

ఆటకు రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో తేలికగా తినండి. మాల్‌లో దొరికే వేపుళ్లు, కూల్‌డ్రింకులు ఆట అయ్యేదాకా వాయిదా వేస్తే మంచిది. మంచినీళ్లు, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ తాగుతుండండి.

దిగగానే బంతి పట్టుకోవద్దు. పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. భుజాలు గుండ్రంగా తిప్పండి. మణికట్లు తిప్పండి. నడుము మెల్లగా రెండు పక్కలకూ తిప్పండి. మొదటి రెండు మూడు బంతులు పిన్నులు పడగొట్టటానికి కాదు, ఒళ్లు వేడెక్కటానికి. వంతు వంతుకూ మధ్య సోఫాకి అతుక్కుపోకుండా నిలబడి తిరుగుతుండండి. బంతి వదిలేటప్పుడు ఊపిరి బయటికి వదలండి.

మందు గురించి ఒక హెచ్చరిక. నొప్పి తెలియకుండా ఉండాలని పోటీకి ముందే నొప్పి బిళ్ల వేసుకోవటం చాలామందికి అలవాటు. ఇది రెండు విధాలా ప్రమాదం. దెబ్బ తగులుతున్నా తెలియకుండా ఆడేస్తాం. పైగా డైక్లోఫెనాక్‌, ఐబూప్రొఫెన్‌ వంటివి బీపీని పెంచగలవు. షుగర్‌, కిడ్నీ సమస్యలున్నవారికి, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి కీడు చేస్తాయి. కండ పట్టేసినా, కీలు వాచినా మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు 15 నిమిషాల చొప్పున పెట్టండి. అప్పుడే కాపడం, మాలీషు వద్దు. నేను మేనేజరుగారికి చెప్పిన కాపడం సలహా అలా కూడా తప్పే!

కండదా... గుండెదా?

ఇది ప్రతి ఇంట్లో అందరికీ తెలిసుండాల్సిన విషయం.

కండరాల నొప్పి అయితే చాలావరకు వేలితో చూపించగలిగేలా ఒకచోట ఉంటుంది. నొక్కితే నొప్పి. చెయ్యి ఫలానా వైపు కదిపితే ఎక్కువవుతుంది. పని చేసిన చెయ్యి, పని చేసిన కండరమే నొప్పి పెడుతుంది.

గుండె నొప్పి వేలితో చూపించేలా ఉండదు. అరచేత్తో రాసి చూపిస్తారు. నొప్పి అనే కంటే బరువు, పట్టేసినట్టు, మంట అంటారు. ఛాతీలోనే రావాలని లేదు. ఎడమ చెయ్యి, రెండు చేతులు, దవడ, మెడ, వీపు, పొట్ట పైభాగం... ఎక్కడైనా రావచ్చు. నడిస్తే, మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గుతుంది. చెమట, ఆయాసం, వికారం తోడవుతాయి. షుగర్‌ ఉన్నవారిలో, ఆడవారిలో, పెద్ద వయసువారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, గ్యాస్‌ పట్టేసినట్టుండటమే కనబడొచ్చు.

నొక్కితే నొప్పి ఉన్నంత మాత్రాన గుండె సమస్య కాదని తేల్చెయ్యకూడదు. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన కూడా తేల్చెయ్యకూడదు. అనుమానం ఉంటే మళ్లీ ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్‌ పరీక్ష చేసి, కొన్ని గంటలు చూస్తాం. అందుకే ‘ఈసీజీ బాగానే ఉంది కదా, మమ్మల్ని ఎందుకు పంపించరు?’ అని డాక్టరు మీద కోప్పడొద్దు.

అలాంటి నొప్పి వస్తే ఆట వెంటనే ఆపి కూర్చోబెట్టాలి. మెట్లు దిగనివ్వొద్దు, తనే బండి నడుపుకుంటూ వెళ్లనివ్వొద్దు. 108కి ఫోను చెయ్యాలి. లేదా ఇంకొకరు వాహనంలో ఈసీజీ సదుపాయమున్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫోనులో డాక్టరు చెబితే, అలర్జీ, రక్తస్రావ సమస్యలు లేవనుకుంటే ఆస్పిరిన్‌ నమలొచ్చు. మనిషి స్పృహ తప్పి, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కటం మొదలుపెట్టాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. మాల్‌లో ఏఈడీ పరికరం ఉందేమో అడిగి తెప్పించాలి.

ఐదో మనిషి

ఆ ఏడు పోటీ అయ్యాక కాలనీ సంఘం సమావేశంలో నేను ఒక్కటే కోరాను. జట్టుకు నలుగురు కాదు, ఐదుగురు ఉండాలి. ఆడేది నలుగురే. ఐదో మనిషి ఏ గేములోనైనా, ఎవరి స్థానంలోనైనా రావచ్చు. కారణం అడగకూడదు. ‘నేను మానేస్తే జట్టు ఓడిపోతుంది’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. అందరూ ఒప్పుకున్నారు. మీ ఆఫీసులో, కాలనీలో ఏ ఆట పోటీ పెట్టినా ఈ నియమం పెట్టుకోండి. క్రికెట్‌ అయినా, షటిల్‌ అయినా, తాడు లాగటమైనా సరే. మంచి మనసున్నవాళ్లే నొప్పిని దాచుకుంటారు. వాళ్లకి దాచుకోవాల్సిన అవసరం లేకుండా చెయ్యటం మన పని.

మేనేజరుగారు స్టెంట్‌ తర్వాత మాత్రలు ఒక్కపూట కూడా మానలేదు. నెమ్మదిగా నడక పెంచుకుంటూ వచ్చారు. ట్రెడ్‌మిల్‌ పరీక్ష చేసి గుండె డాక్టరు సరేనన్నాకే మళ్లీ ఆటకొచ్చారు. మొన్నటి పోటీలో 8 పౌండ్ల బంతితో రెండు గేములు ఆడి, మూడో దానికి ఐదో మనిషికి చోటిచ్చి, కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆయన అత్యధిక స్కోరు 94. మా జట్టు మళ్లీ ఓడిపోయింది. ఆ రోజు పార్కింగ్‌ నుంచి రెండంతస్తులూ ఆయన, నేను కలిసే ఎక్కాం. టీచరుగారు ఏ బంతి తీసుకోవాలి, కుర్రాడిని గీత దాటకుండా ఎలా ఆపాలి అంటూ పైదాకా మాట్లాడుతూనే ఉన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు ఆ స్కోరు చాలు.